గట్ల మీది బాటలు

తూర్పున ఇంకను వెలుగు రాకముందే కోనసీమలోని కాలువగట్లపై అడుగుల చప్పుడు వినవచ్చును. నలుగురైదుగురు యువకులు వరుసగా పరుగెత్తుచుందురు. వారికి ఒకప్రక్క నిండుగా పాఱు కాలువ. వేఱొకప్రక్క అంతకంటె పల్లమున వరిచేలు. చేల కవతల కొబ్బరితోటలపై మంచు ఇంకను వీడియుండదు. తూము వద్దకు చేరగానే ఒకడు గడియారము చూచి కాలము చెప్పును. మిగిలినవారు నడుమునకు చేతులు పెట్టుకొని, ఊపిరి తీసికొని, వచ్చిన దారినే మరలుదురు. ఇట్టి దృశ్యము ఒక్క కోనసీమలోనే కాదు. గోదావరికి ఇరువైపుల నున్న డెల్టా గ్రామములలో తఱచుగా కనబడునదే.

వీరిలో పెక్కుమంది వినోదమునకై పరుగెత్తువారు కారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కానిస్టేబులు కొలువు కోరు పురుషుడు 1600 మీటర్లను 8 నిమిషములలోను, స్త్రీ 10 నిమిషముల 30 సెకండ్లలోను ముగింపవలెను. సైన్యములో చేరగోరు వారికి పరీక్ష ఇంకను కఠినము. అదే దూరమును 5 నిమిషముల 30 సెకండ్లలోపున ముగించినవారికే అత్యధికమైన మార్కులు లభించును. సెంటు భూమియు లేని కూలివాని కుమారునకు ఆ కొన్ని సెకండ్లలో ఒక కుటుంబపు జీవనమే యిమిడియున్నది. అందుచేతనే వాన కురిసినను, చలి కొఱికినను గట్టుమీది పరుగు ఆగదు.

పరుగెత్తుటకు గట్టే యేల? ఊరిలో మైదానము లేదా? అనేక గ్రామములలో లేదు. రెండు పంటలు పండు నేలలో సెంటు స్థలము కూడ ఎవరును ఊరక విడువరు. రోడ్డుపై లారీల రాకపోకలు. చేలలో ఏడాదిలో అధికభాగము నీరో బురదయో ఉండును. ఎత్తుగా, పొడిగా, కిలోమీటర్ల కొలది అడ్డము లేక సాగిపోవు బాట ఇచ్చట గట్టు ఒక్కటే. అయితే ఈ గట్లు ఎట్లు ఏర్పడెనో, ఏల అవి నేలకంటె ఎత్తుగా నున్నవో తెలిసికొన్నచో ఈ సీమ స్వభావమే తెలియును.

పాపికొండల నడుమనుండి వెలువడిన గోదావరి రాజమహేంద్రవరము దాటి, ధవళేశ్వరము వద్ద రెండు పాయలుగా చీలుచున్నది. ఎడమపాయ గౌతమి, అది యానాము మీదుగా సముద్రమును చేరును. కుడిపాయ వసిష్ఠ; అది నరసాపురము ప్రక్కగా పోయి అంతర్వేది వద్ద సాగరమున కలియును. వసిష్ఠనుండి మరల వైనతేయ యను పాయ చీలి కోనసీమను రెండుగా కోయుచున్నది. ఈ పాయల నడుమను, ప్రక్కలను వ్యాపించిన భూమి యంతయు నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే. ధవళేశ్వరము మొదలు సముద్రము వఱకు నేల వాలు మైలునకు సుమారొక అడుగు మాత్రమే. అనగా కిలోమీటరు దూరము నడచినవాడు జానెడు లోతునకైనను దిగడు. కంటికి ఆ వాలు ఆనదు, కాలికిని తెలియదు, నీటికి మాత్రమే తెలియును.

ఇందొక వింత కలదు. సామాన్యముగా నది పల్లమున, ఊళ్లు మెరకను ఉండునని మన మనుకొందుము. డెల్టాలో అట్లు కాదు. పూర్వము వరద పొంగినప్పుడు నీరు ఒడ్డు దాటి ప్రక్కలకు పోయెడిది. ఒడ్డు దాటగానే నీటివేగము తగ్గును. బరువైన ఇసుక అచ్చటనే దిగబడును. తేలికయైన మెత్తని ఒండ్రు దూరముగా పోయి పేరుకొనును. ఇట్లు వేలయేండ్లుగా జరుగుటచే నది తన ఒడ్డులను తానే ఎత్తుచేసికొన్నది. నదికి దూరముగా పోయినకొలది నేల పల్లమగును. కావుననే సాగునీటి కాలువలను మెరకల మీదుగా త్రవ్విరి. మెరక మీది కాలువనుండి నీరు తనంతతానే ఇరువైపుల చేలలోనికి జాఱును. చేలలో మిగిలిన నీటిని తీసికొనిపోవు మురుగుకాలువలు పల్లపు నేలలలో నడచును. పై నుండి చూచువానికి ఇవి చేతివ్రేళ్లను ఒకదానినడుమ నొకటి దూర్చినట్లు కనబడును. ఈ ఏర్పాటు వలన సాగునీటి కాలువగట్టు ఆ చుట్టుపట్ల నెల్ల ఎత్తైన బాట యగుచున్నది.

గోదావరి రైతు అన్ని గట్లను ఒక్కమాటతో పిలువడు. నదివెంట నుండు పెద్దకట్ట ఏటిగట్టు. అది వరదను ఆపునది. దానికి లోపల కాలువగట్టు. అంతకంటె తక్కువది మురుగుకాలువ గట్టు. దానిపై ముండ్లపొదలు పెరుగును, దారి తెగిపోవుచుండును. ఊరినుండి చేలకు బండ్లు పోవు ఇఱుకుబాటను పుంత యందురు. వర్షకాలములో పుంతలో మోకాటిలోతు బురద. చిట్టచివరది చేనిగట్టు, దానిపై ఒంటికాలితో నడచినట్లు నడవవలెను. చిన్నతనమున చేనిగట్లపై తూగక పరుగెత్తుట నేర్చినవానికి తరువాత ఏ బాటయైనను విశాలముగానే తోచును.

ఈ కాలువలు లేని కాలమును తలచుకొనుట కష్టము. 1833 నాటి నందన కఱవు ఈ సీమను పీల్చి పిప్పిచేసెను. నాటి లెక్కల ప్రకారము రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయెను. కడుపునిండ నీటితో మహానది ప్రక్కనే పాఱుచుండగా జనులు దప్పికతోను ఆకలితోను ఊళ్లు విడిచిరి. ఆర్థరు కాటను 1844లో నదిని పరిశీలించి ఆనకట్ట కట్టవలెనని దొరతనమువారికి వ్రాసెను. 1847లో పని ఆరంభమయ్యెను, 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదికి అడ్డముగా నిలిచిన ఆ కట్ట నూఱేండ్లకు పైగా పనిచేసెను. 1970లో ఆరంభమై 1982లో పూర్తియైన క్రొత్త బారేజి ఇప్పుడు దాని పనిని చేయుచున్నది. దానిక్రింద సుమారు 10 లక్షల యెకరములు సాగగుచున్నవి.

కాటను కాలువలను సాగునీటికై మాత్రమే తలపెట్టలేదు. అవి పడవలకును దారులు. ధాన్యపు పడవలు, కొబ్బరికాయల పడవలు, ప్రయాణికుల పడవలు వీనిపై సాగుచుండెడివి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపెను. అచ్చటనుండి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాము కాలువల మీదుగా కాకినాడ పడవ మద్రాసు చేరగలిగెడిది. గాలి అనుకూలించినప్పుడు తెరచాప. లేనప్పుడు మనుష్యుల భుజములు. పడవకు కట్టిన పొడవైన త్రాడును భుజమున వేసికొని ఇద్దరు ముగ్గురు గట్టువెంట ముందునకు వంగి నడచెడివారు. త్రాడు చిక్కుకొనకుండుటకు నీటివైపున గట్టు చెట్టులేక శుభ్రముగా నుండవలెను. లాకు వద్దకు వచ్చినప్పుడు తలుపులు మూసి, నీటి మట్టము సరిచేసి, పడవను దింపువఱకు వారికి విశ్రాంతి. నేటి యువకులు పరుగెత్తు బాటను మొదట కాళ్లతో గట్టిపఱచినవారిలో ఆ త్రాళ్లు లాగినవారు ముఖ్యులు. వారి పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు. రోడ్లు, రైళ్లు, లారీలు వచ్చిన పిదప పడవలు తగ్గి, చాలచోట్ల అంతరించెను. లాకులు మాత్రము నేటికిని ఊళ్ల పేర్లవలె దూరములు చెప్పుటకు గుఱుతులుగా నిలిచియున్నవి.

గన్నవరము వద్ద కాలువయే వంతెన యెక్కి వైనతేయను దాటుచున్నది. క్రింద నది, పైన కాలువ! పందొమ్మిదవ శతాబ్దిలో 49 కమానులతో కట్టిన ఆ నిర్మాణము ప్రక్కనే 2000 సంవత్సరములో క్రొత్తది కట్టి, ఆకలిగొన్నవారికి వేళగాని వేళలందును అన్నము పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. ఆమె ఆ ప్రాంతపు యిల్లాలే.

తపాలా బండ్లు రాకముందు జాబులు మోసినవి కాళ్లే. జాబుల సంచితో ఒకడు కొంతదూరము పరుగెత్తి, నియమితమైన స్థలమున వేచియున్న రెండవవానికి దానిని అందించెడివాడు. ఆ మజిలీని అంచె యనెడివారు. వానిచేతి బల్లెమునకు గజ్జెలుండెడివి. ఆ చప్పుడునకు పాములు, జంతువులు తొలగును, ఎదుటివాడు సంచి నందుకొనుటకు సిద్ధపడును. ఒక్కడు నలుబది మైళ్లు పరుగెత్తలేడు. ఎనమండుగురు తలకొక అయిదు మైళ్లు పరుగెత్తగలరు. నేడు క్రీడారంగమున రిలే యని పిలువబడు పందెము అంచె పరుగే. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు గ్రామమునకు చెందిన సత్తి గీత 2006లో దోహా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో 400 మీటర్ల అంచె పరుగున బంగారు పతకము గెలిచిన నలుగురు భారతీయ యువతులలో ఒకతె. అదే జిల్లాలోని తణుకునకు చెందిన దండి జ్యోతికశ్రీ 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో అదే పందెమున పరుగెత్తెను. చదునునేల వేగమును పెంచునని చెప్పలేము గాని, చదునునేలలో పుట్టినవారికి వేగము అసాధ్యము కాదని వీరి వలన తేలినది.

చదునుబాటకు గుణమును దోషమును కలవు. ఎక్కుట దిగుట లేనందున అడుగు ఒకే తీరున పడును. మొదటి కిలోమీటరునకును నాలుగవ దానికిని పట్టిన కాలమును సరిపోల్చుకొని తన బలమును తాను లెక్కించుకొనవచ్చును. కాని కొండయెక్కిన కాలికి వచ్చు బలము దీనివలన రాదు. గాలియే ఇచ్చటి కొండ. పగలు ముదిరినకొలది సముద్రపుగాలి తెఱపిలేక వీచును. దానికి ఎదురు పరుగెత్తువాడు మెట్టయెక్కినంత అలయును. కావున తెలివిగలవారు ఉదయముననే, అదియును పోవునప్పుడు గాలికి ఎదురుగా, వచ్చునప్పుడు గాలివాలుగా దారి నెంచుకొందురు.

మన్నును కూడ ఎఱుగవలెను. ఏటిగట్టు దాపున నేల ఇసుక కలిసినది. వాన వెలిసిన కొంతసేపటికే ఆఱును. పల్లపు చేల నడుమనున్న గట్లు బంకమన్నువి. తడిసినచో అడుగడుగునకు పాదమునకు ముద్దలు కట్టును, జాఱి కాలువలో పడుటయు కలదు. వేసవిలో కొన్ని వారములు మరమ్మతులకై కాలువలను కట్టివేయుదురు. అప్పుడు బంకమన్ను నెఱ్ఱెలు విచ్చును. చీలమండ మడతపడునది అప్పుడే. వరికోతల కాలమున ఎలుకలకై పాములు గట్టెక్కును. పెద్దలు చీకటిలో దీపము లేక గట్టుమీదికి పోవలదని చెప్పుట పిఱికితనముచేత కాదు.

సముద్రము వైపునకు పోయినకొలది వరిచేలు తగ్గి, ఉప్పునేలలును చేపల రొయ్యల చెఱువులును కానవచ్చును. కాకినాడనుండి యానామునకు పోవు దారిలో కోరంగి యను గ్రామము కలదు. ఒకప్పుడు అది ఓడలు కట్టు రేవు. ఈ తీరమునుండి బర్మాకు పోయిన తెలుగువారిని ఆ దేశస్థులు కోరంగీలని పిలిచిరనగా దాని ప్రసిద్ధి ఊహింపవచ్చును. నేడు రేవు లేదు. గోదావరి ఒండ్రు దానిని పూడ్చివేసెను. ఊరి కవతల గౌతమి పాయలును సముద్రమును కలియుచోట మడ అడవి వ్యాపించియున్నది. 1978లో ప్రభుత్వము దీనిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించెను. విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

ఈ అడవిలో పరుగు సాగదు. నేల యనునది అచ్చట దినమునకు రెండు పర్యాయములు పుట్టి రెండు పర్యాయములు మునుగును. పోటు వచ్చినప్పుడు చెట్ల మొదళ్లు నీట నుండును. పాటు తీసినప్పుడు నల్లని బురద బయటపడును. ఆ బురదనుండి పెన్సిళ్లను తలక్రిందుగా గ్రుచ్చినట్లు వేలకొలది ములుకులు పైకి పొడుచుకొని యుండును. అవి ముండ్లు కావు, మడచెట్టు వేళ్లు. బురదలో గాలి లేదు. కావున ఆ వేళ్లు నేలనుండి పైకి తలలెత్తి గాలిని పీల్చును. పొన్న జాతి చెట్లకు కొమ్మలనుండి వంపులు తిరిగిన ఊతవేళ్లు దిగి, పందిరిగుంజలవలె చెట్టును నిలుపును. వాని గింజ చెట్టుననే మొలకెత్తి, బాణమువలె బురదలో నాటుకొనును. నేలపై పడి మొలకెత్తుదునని కాచుకొన్నచో పోటు దానిని కొట్టుకొనిపోవును కదా! మడచెట్టు తాను త్రాగిన ఉప్పును ఆకుల ద్వారా వెలిగ్రక్కును. ఎండిన ఆకును నాలుకతో తాకినచో ఉప్పదనము తెలియును. తిల్లచెట్టు పాలు మాత్రము కంట పడరాదు. బావురుపిల్లులు, నీటికుక్కలు ఇచ్చట చేపలు పట్టి బ్రతుకును. బురదపై గెంతు చిన్నచేపలను చూచి పిల్లలు కప్పలని భ్రమింతురు.

చూడగోరువారికై అటవీశాఖవారు అడవిలోనికి చెక్కబాట నొకటి వేసిరి. దానిపై నడవవలెనే గాని పరుగెత్తరాదు. చెక్క నాచుపట్టి జాఱును, చప్పుడునకు పక్షులు లేచిపోవును. మత్స్యకారులకు మాత్రము పాయలే బాటలు; నావయే కాలు.

దీనిని ప్రాచీనమైన అడవి యనుటలో ఒక చిక్కు కలదు. చెట్టుజాతి ప్రాచీనము, నిలిచిన నేల క్రొత్తది. అడవికి ఎదుట సముద్రములో పొడవుగా సాగిన హోపుదీవి యను ఇసుకతిన్నె కొన్ని శతాబ్దుల క్రిందట లేనేలేదు. నది మట్టి తెచ్చుచుండగా భూమి ముందునకు జరుగును, దానివెంట మడచెట్లును జరుగును. ఇటీవలి దశాబ్దములలో ఎగువ జలాశయములలో మట్టి నిలిచిపోవుటచే నది తెచ్చు ఒండ్రు తగ్గినది. ఇట్లు నేల పెరుగుట మందగించినది.

ఈ తీరమునకు అడవి ఏల కావలయునో చరిత్ర చెప్పును. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు వరుసగా వచ్చి కోరంగిని ముంచెను. 1839 నవంబరులో మరల తుపాను. ఆ రేవు తిరిగి కోలుకొనలేదు. 1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను వేయిమందికి పైగా ప్రాణములు తీసి, కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము చేసెను. దట్టమైన మడ అలలవేగమును విఱుచును. గాలిని పూర్తిగా ఆపలేదు. దీని విలువ నెఱుగక వంటచెఱకునకును, చెఱువులకును నఱికినవారు కలరు. నఱికినచోట పోటునీరు నిలిచి, ఎండకు ఇగిరి, నేల ఉప్పుగడ్డ యగును. మరల ఏ మొలకయు లేవదు. 1990వ దశకపు చివరనుండి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు, గ్రామస్థులు కలిసి అట్టి నేలలలో చేపముల్లు ఆకారమున చిన్నకాలువలు త్రవ్విరి. వానిగుండ పోటునీరు లోనికి వచ్చి, ఉప్పును కడిగి, మరల వెలికి పోవును. ఒడ్డున నాటిన మొక్కలు బ్రతికెను. కాటను మెరకను కాలువలతో బ్రతికించెను. వీరు పల్లమును బ్రతికించిరి.

మరల ఏటిగట్టునకు వత్తము. పరుగునకు బాటయైన ఆ గట్టు వేలకొలది యిండ్లకు గోడ. 1986 ఆగస్టు 16న భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగుల ఎత్తునకు లేచెను. ధవళేశ్వరమును దాటి 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయెను. పలుచోట్ల గట్లు తెగి ఊళ్లు మునిగెను. తరువాత ఆ వరద మట్టమును లెక్కలోనికి తీసికొని గట్లను ఎత్తుచేసిరి. 2022 జులైలో మరల 71.3 అడుగులు వచ్చినప్పుడు లంకగ్రామములు మునిగెను. 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పాఱెను.

గండి పడుట ఒక్క క్షణమున జరుగునది కాదు. ఎలుకయో పీతయో చేసిన బొరియలోనికి మొదట నీరు చేరును. గట్టు లోపలివైపు మొదట చెమ్మ, పిదప సన్నని ఊట. ఊటనీరు తేటగా నున్నంతవఱకు భయము తక్కువ. మట్టిరంగు తిరిగినచో గట్టు లోపలినుండి కరగుచున్నదని అర్థము. అప్పుడు ఇసుకబస్తాలు, తాటిమొద్దులు, ఎండుగడ్డి, ఏది దొరికిన అది తెచ్చి వేయవలెను. వరదరాత్రులలో గ్రామస్థులు వంతులు వేసికొని దీపములతో గట్టు కాయుదురు. ఊట కనబడినచో కేక దూరమునకు వినబడదు. సెల్‌ఫోనులు రాకపూర్వము ఒకడు పరుగెత్తి పొరుగూరికి చెప్పవలసివచ్చెడిది. ప్రతిదినము అదే గట్టుపై పరుగెత్తువానికి ఎచ్చట క్రొత్తగా బొరియ పడినదో, ఎచ్చట కాలు దిగబడుచున్నదో ఇతరులకంటె ముందుగా తెలియును.

గండి పూడ్చినచోట క్రొత్తమట్టి వెంటనే పట్టుకొనదు. పైకి సమముగా కనబడినను అడుగు వేయగానే మెత్తగా క్రుంగును. పశువులు తిరిగి, వానలు తడిపి, గడ్డి వేరూని, మరుసటి ఏడు వచ్చిన తరువాతగాని అది పాతగట్టుతో కలియదు. అంతవఱకు ఉదయమున పరుగెత్తుకొని వచ్చువారు ఆ చోట ఆగి, పదిపదునైదు అడుగులు నడచి, అవతలి గట్టినేలపై మరల పరుగందుకొందురు.